తాత్కాలిక కుటుంబ నియంత్రణ సాధనాలు సబ్ సెంటర్ల దాకా చేరడంపై మండల ప్రజా పరిషత్ తీర్మానం

ఎజెండా అంశం: వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ. సబ్ సెంటర్లలో నిరోధ్, మాలా-ఎన్, ఛాయ, అంతర, కాపర్-టి, ఈజీ పిల్ నిల్వలు.

మండల ప్రజా పరిషత్ అధ్యక్షురాలి అధ్యక్షతన జరిగిన ఈ సర్వసభ్య సమావేశానికి జడ్పీటీసీ సభ్యుడు, ఎంపీటీసీ సభ్యులు, సర్పంచులు, ఎంపీడీఓ, పీహెచ్‌సీల వైద్యాధికారులు, ఫార్మసిస్టులు హాజరయ్యారు. ఏఎన్‌ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీలు, ఆశా కార్యకర్తల తరఫున కొందరిని ప్రత్యేకంగా పిలిపించడమైనది.

గత సమావేశంలో ఒక ఎంపీటీసీ సభ్యురాలు తమ గ్రామం సంగతి ఒకటి లేవనెత్తారు. అంతర సూది రెండో డోసు కోసం వెళ్లిన ఒక బాలింతను "స్టాక్ లేదమ్మా, వచ్చే నెల రా" అని పంపేశారు. దానికి శాఖ తరఫున వచ్చిన జవాబు: "మండలంలో అంతర నిల్వ ఉంది." విచారిస్తే రెండూ నిజమేనని తేలింది. మందు పీహెచ్‌సీ స్టోరులో ఉంది, ఆమె వెళ్లింది సబ్ సెంటర్‌కు. ఆ రెండింటి మధ్య దూరం దాటించే పని ఎవరిదన్నది ఏ కాగితం మీదా లేదు. దానిపై ఐదుగురు సభ్యులతో వేసిన ఉపసంఘం సబ్ సెంటర్లు తిరిగి, స్టాక్ రిజిస్టర్లు చూసి, సిబ్బందితో మాట్లాడి ఇచ్చిన నివేదికను ఈ సమావేశం చదివించి విన్నది.

మందుల సరఫరా జిల్లా వారి పని, మనకెందుకని ఒకరిద్దరు సభ్యులు సందేహపడ్డారు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ఆస్పత్రులు, పీహెచ్‌సీలు. 24వది కుటుంబ సంక్షేమం. 25వది స్త్రీ, శిశు అభివృద్ధి. కొనుగోలు మన చేతిలో లేకపోయినా, మండలంలోకి వచ్చిన సరుకు మండలంలోనే ఆగిపోతే అడిగే హక్కు, ఆగకుండా చూసే బాధ్యత ఈ సభకు ఉన్నాయని ఎంపీడీఓ స్పష్టం చేయగా సభ్యులు అంగీకరించారు.

ఉపసంఘం చూసినది

ఒక సబ్ సెంటర్లో బీరువా తెరిపించారు. పై అర నిండా నిరోధ్ పెట్టెలు ఉన్నాయి, వాటి గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది. మధ్య అరలో రబ్బరు బ్యాండు వేసిన మాలా-ఎన్ షీట్లు కొన్ని. ఛాయ ఒక్కటీ లేదు. అంతర అని పెన్నుతో రాసిన అట్టపెట్టెలో టీకా కార్డులు దాచుకున్నారు. స్టాక్ రిజిస్టర్లో ఛాయ వరుస మీద నెలనెలా సున్నా వేస్తూ వచ్చారు. అక్కడి నుంచి పీహెచ్‌సీకి వెళ్లిన ఇండెంటులోనూ ఛాయకు ఎదురుగా సున్నాయే. ఎందుకు అడగలేదంటే, "పోయిన నెల ఖర్చు ఎంతో అంతే రాయమంటారు సార్, ఖర్చు లేదు కదా" అని జవాబు వచ్చింది. సరుకు లేదు కాబట్టి ఖర్చు లేదు, ఖర్చు లేదు కాబట్టి ఇండెంటు లేదు, ఇండెంటు లేదు కాబట్టి సరుకు రాదు. పైకి వెళ్లే నివేదికలో మాత్రం ఇది "గిరాకీ లేదు" అని కనిపిస్తుంది. ఈ గుండ్రపు తిరుగుడే అసలు జబ్బని ఈ సభ అభిప్రాయపడుతోంది. మిగతావి దీని చుట్టూ పుట్టినవే.

మరో చోట, రేకులు కప్పిన పక్కగదిలో నిరోధ్ కార్టన్లు పడమటి గోడకు ఆనించి నేల మీదే పెట్టారు. కింది కార్టన్ అడుగు చెమ్మకు మెత్తబడింది. కార్టన్లు నేలకు కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు 30 సెంటీమీటర్ల ఎడంగా ఉండాలన్నది మందుల నిల్వలో అందరూ పాటించే నియమం. రబ్బరు సరుకుకు వేడి, తేమ రెండూ శత్రువులే. మన మే నెల ఎండల్లో రేకుల గదిలో ఉన్న సరుకు గురించి పెట్టె మీద రాసిన గడువు తేదీ చెప్పేది తక్కువ.

ఇంకో సంగతి. సబ్ సెంటర్‌కు సరుకు చేరేది ఏఎన్‌ఎం చేతిసంచిలో. నెలవారీ సమీక్షకు పీహెచ్‌సీకి వచ్చిన రోజున, ఫార్మసిస్టు ఖాళీగా దొరికితే, ఇచ్చింది తీసుకుని ఆటో ఎక్కి వెళ్తారు. ఛార్జీ వాళ్లదే. ఆ రోజు ఫార్మసిస్టు సెలవులో ఉన్నా, సమీక్ష పొద్దుపోయేదాకా సాగినా మరో నెల పోయినట్టే. కేంద్ర ప్రభుత్వం కొని రాష్ట్రాలకు ఉచితంగా పంపే ఈ సరుకు రాష్ట్ర గిడ్డంగి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పీహెచ్‌సీకి లారీల్లో, వ్యాన్లలో వందల కిలోమీటర్లు వస్తుంది. చివరి కొద్ది కిలోమీటర్లకే బండి లేదు.

చర్చలో వచ్చిన అభ్యంతరాలు

"మా ఊళ్లో ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించేస్తారు. ఈ గోళీలు, సూదులు ఎవరికి?" అని ఒక సభ్యుడు అడిగారు. ఆయన చెప్పింది వాస్తవమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. మగవాళ్ల ఆపరేషన్లతో సహా మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా రెండు శాతం దాటలేదు. చేయించుకున్నవారిలో సగానికి పైగా పాతికేళ్లు నిండకముందే ఆ పని ముగించుకున్నారు. ఇదంతా ఇష్టపూర్వకంగా ఎంచుకున్నదని అనుకోవాలంటే, ఎంచుకోవడానికి పక్కన ఇంకేదైనా ఉండి ఉండాలి. బీరువాలో లేని దాన్ని ఎవరూ ఎంచుకోలేరు.

అదే సర్వే చెప్పిన మరో రెండు సంగతులను ఆరోగ్య సిబ్బంది సభ దృష్టికి తెచ్చారు. 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులో, గర్భిణులో. పద్దెనిమిదేళ్లకు తొలి కాన్పు అయిన అమ్మాయికి కావలసింది ఆపరేషన్ కాదు. కాన్పయ్యాక మళ్లీ నెల తప్పడానికి కనీసం రెండేళ్ల ఎడం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ రెండేళ్లు ఆమెను ఆదుకునేది సబ్ సెంటర్ బీరువాయే. ఏడాది తిరక్కుండా రెండో కాన్పు, వెంటనే ఆపరేషన్ అన్న వరుస మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే, దాన్ని ఆచారం అనుకుంటున్నాం. అందులో కొంత భాగం స్టాక్ లేకపోవడం.

ఇక రెండో అభ్యంతరం. "జనాభా తగ్గిపోతోందని ప్రభుత్వమే పిల్లల్ని కనమంటుంటే, మనం నియంత్రణ సరుకు గురించి తీర్మానం చేయడమేంటి?" అని ఒక సర్పంచ్ ప్రశ్నించారు. సభలో నవ్వులు వినిపించినా ప్రశ్న నవ్వదగింది కాదు. రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కు పడిపోయింది, తరం నిలబడటానికి 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించింది కూడా. అయితే ఇరవై మూడేళ్లకే ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి ఏ ప్రోత్సాహకం ప్రకటించినా ఒరిగేదేమీ లేదు. మరో బిడ్డ కావాలా వద్దా అన్నది ముప్ఫై ఏళ్లకు తీరిగ్గా నిర్ణయించుకునే అవకాశం తాత్కాలిక పద్ధతుల్లోనే ఉంది. కనుక ఈ తీర్మానం ఎక్కువ మంది పిల్లలకు గాని తక్కువ మంది పిల్లలకు గాని సంబంధించినది కాదని, ఎప్పుడు కనాలన్నది ఆ దంపతుల చేతిలో ఉంచడానికి సంబంధించినదని సభ నమోదు చేస్తోంది.

ఆపరేషన్ల మీదే ఆధారపడటంలో ఉన్న ప్రమాదాన్ని కూడా సభ్యులు ప్రస్తావించారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో జరిగిన ఆపరేషన్ల తర్వాత పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఎత్తివేయాలని, ఆపరేషన్లకు లక్ష్యాలు పెట్టరాదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 ఆగస్టులో పొరుగున తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి ఆపరేషన్లు జరగగా, వారిలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఒకటి లేకపోతే ఇంకొకటి ఇవ్వడం గురించి

"ఛాయ లేకపోతే మాలా-ఎన్ ఇచ్చి పంపొచ్చు కదా" అన్న ప్రశ్నకు వైద్యాధికారి వివరంగా జవాబిచ్చారు. అది అందరికీ తెలియవలసిందని దాని సారాంశాన్ని ఇక్కడ రాయిస్తున్నాం. మాలా-ఎన్ రోజూ వేసుకునే హార్మోను మాత్ర. చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లి తొలి ఆరు నెలలు దాన్ని వేసుకోకూడదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన ఛాయలో హార్మోను లేదు, బాలింతలు కూడా వాడొచ్చు. అంతర సూది కాన్పయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లికీ వేయవచ్చు. కాపర్-టికి శిక్షణ పొందిన చెయ్యి, స్టెరిలైజ్ చేసిన పరికరాలు, గ్లవ్స్ ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా కాపర్-టి ఉన్నా లేనట్టే. ఒక బియ్యం లేకపోతే మరో బియ్యం వండుకున్నట్టు సర్దుకునే సరుకు కాదిది.

పైగా ఒక్కోదానికి ఒక్కో గడియారం ఉంది. అంతర మూడు నెలలకోసారి వేయాలి, గడువు దాటినా నాలుగు వారాల లోపు వేయవచ్చు. ఈ నాలుగు వారాలూ సరుకు రాకుండానే గడిచిపోతే, గర్భం లేదని నిర్ధారించుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈజీ పిల్ అయితే 72 గంటల్లో వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. 72 గంటల మందును నెలాఖరు ఇండెంటుతో తెప్పించుకోవాలనడం ఇవ్వనని చెప్పడమే. ఈ మాట ఒక ఆశా కార్యకర్త సభలో లేచి అన్నారు, ఆమె మాటగానే దాన్ని నమోదు చేస్తున్నాం.

పై విషయాలన్నిటినీ పరిశీలించిన మీదట ఈ సర్వసభ్య సమావేశం కింది విధంగా తీర్మానించింది.

1. సబ్ సెంటర్ ఇండెంటు రాసి పంపితేనే సరుకు ఇచ్చే పద్ధతి ఈ మండలంలో తాత్కాలిక సాధనాల విషయంలో ఆగాలి. దాని స్థానంలో, సరుకు తీసుకెళ్లినవారే అరలు చూసి, తగ్గినంత నింపి వచ్చే పద్ధతి అమలు కావాలి.

ఇందుకు కొత్త బండి అవసరం లేదు. బుధ, శనివారాల టీకాలకు వ్యాక్సిన్ క్యారియర్ పీహెచ్‌సీ నుంచి ప్రతి గ్రామానికీ ఠంచనుగా చేరుతోంది. ఎండైనా వానైనా అది ఆగినట్టు ఉపసంఘానికి ఎవరూ చెప్పలేదు. అదే మనిషి, అదే మోటారు సైకిల్ మీద, నెలలో మొదటి బుధవారం క్యారియర్‌తో పాటు విడిగా ఒక సంచి తీసుకెళ్లాలి. అంతరను ఐస్ ప్యాకుల మధ్య పెట్టకూడదు. అది గది ఉష్ణోగ్రతలో ఉండాల్సిన మందు, గడ్డకడితే పనికిరాదు. కనుక సంచి వేరుగానే ఉండాలని వైద్యాధికారి నొక్కి చెప్పారు. టీకాల రోజు లేని కొండ మీది ఆవాసాలకు 104 వాహనం వెళ్లే రోజున అందులో పంపాలి.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. ఆఫ్రికాలోని సెనెగల్‌లో 2012లో రాజధాని డాకర్‌ను ఆనుకుని ఉన్న పికిన్‌లో సరుకు బండి ఆస్పత్రుల చుట్టూ తిరిగి, నిల్వ లెక్కపెట్టి, అక్కడికక్కడే నింపడం మొదలుపెట్టారు. కొద్ది నెలల్లోనే అక్కడ కొరత దాదాపు లేకుండా పోవడంతో తర్వాత దాన్ని దేశమంతటికీ విస్తరించారు. మన ఊరి కిరాణా కొట్టుకు వచ్చే బిస్కెట్ల వ్యాను కూడా ఇండెంటు అడగదు.

2. ఎంత నింపాలన్నది పోయిన నెల ఖర్చును బట్టి కాదు, వాడుతున్నవారిని బట్టి లెక్కించాలి. ప్రతి సబ్ సెంటర్లో ఎప్పుడూ మూడు నెలలకు సరిపడా నిల్వ ఉండాలి, నెలన్నర నిల్వకు తగ్గితే తదుపరి ట్రిప్పు దాకా ఆగకుండా పంపాలి. లెక్క కట్టేటప్పుడు జరుగుతున్న పొరపాట్లను ఫార్మసిస్టులు తామే ఎత్తి చూపారు. మాలా-ఎన్ షీటులో 28 మాత్రలుంటాయి కాబట్టి ఒక్కొక్కరికి ఏడాదికి 13 షీట్లు కావాలి. నెలకొకటి అని 12 రాస్తే ప్రతి ఒక్కరికీ ఒక షీటు తక్కువ పడుతుంది. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. షీటుకు ఎనిమిది మాత్రలు. కొత్తగా మొదలుపెట్టిన ఆమెకు తొలి మూడు నెలల్లో నాలుగు షీట్లు అవసరమైతే, పాతవారికి అదే కాలానికి రెండు చాలు. సగటు తీసి అందరికీ ఒకే లెక్క వేస్తే, కొత్తగా చేరినవాళ్ల దగ్గరే సరుకు నిండుకుంటుంది. మానేసేదీ వాళ్లే. నిరోధ్ విషయంలో జంటకు ఏడాదికి 72 అన్న పాత లెక్క నివేదికల కోసం పెట్టుకున్నది, ఒకరికి ఇంతకు మించి ఇవ్వరాదన్న నియమం కాదని అందరికీ తెలియజేయాలి. అంతరకు మాత్రం పేర్ల జాబితా ప్రకారం, తేదీ ప్రకారం నింపాలి, ఆ నెలలో డోసు రావలసిన ప్రతి ఒక్కరికీ ఒక వయల్, ఒక సిరంజి, పైన కొత్తవారి కోసం కొన్ని.

3. అడిగి, దొరక్క వెనక్కి వెళ్లినవారి లెక్క ఇప్పటిదాకా ఏ రిజిస్టర్లోనూ లేదు. ప్రతి సబ్ సెంటర్లో, ప్రతి ఆశా కార్యకర్త దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంచాలి. ఛాయ అడిగి వెళ్తే ఛాయ కింద ఒక గీత, అంతర అడిగి వెళ్తే అంతర కింద ఒక గీత. అంతే. పేరు, ఊరు, భర్త పేరు, ఎంతమంది పిల్లలు అనేవి రాయరాదు. నెలాఖరున గీతల మొత్తాన్ని ఇచ్చిన సరుకుతో కలిపి అదే ఆ నెల గిరాకీగా నమోదు చేయాలి.

ఈ గీతలు ఎక్కువగా ఉన్నందుకు ఏ ఏఎన్‌ఎంకూ మెమో ఇవ్వరాదు, ఏ సమీక్షలోనూ నిలదీయరాదు. ఇది చిన్న విషయంగా కనిపించినా మొత్తం ఏర్పాటుకు ఇదే ఇరుసు. లేదని రాసినందుకు తిట్లు తినాల్సి వస్తే రెండో నెల నుంచి అన్ని పుస్తకాల్లోనూ సున్నాలే ఉంటాయి. నిజానికి ఒక్క గీతా లేని పుస్తకాన్నే వైద్యాధికారి ముందుగా అనుమానించాలి.

4. పీహెచ్‌సీ స్టోర్లలోనూ సబ్ సెంటర్లలోనూ కార్టన్లు నేల మీద పెట్టకుండా చెక్క పలకలు, ఇనుప అరలు ఏర్పాటు చేయడానికి మండల పరిషత్ సాధారణ నిధి నుంచి 60,000 రూపాయలకు మించకుండా ఖర్చు చేయడానికి సభ అనుమతిస్తోంది. రేకుల గదుల్లోని సరుకును వేసవి రాకముందే పక్కా గదిలోకి మార్చాలి. పక్కా గది లేని చోట గ్రామ సచివాలయంలో ఒక బీరువాకు చోటివ్వడానికి సంబంధిత సర్పంచులు అంగీకరించారు. తాళం మాత్రం ఏఎన్‌ఎం వద్దే ఉండాలి.

5. గడువు ముందు తీరేది ముందు ఇవ్వాలి. గడువు ఆరు నెలల్లోకి వచ్చిన సరుకు వివరాలు ఫార్మసిస్టు ప్రతి నెలా వైద్యాధికారికి ఇవ్వాలి. ఒక సబ్ సెంటర్లో నిలిచిపోయిన పెట్టెలను, వాడుక ఎక్కువగా ఉన్న మరో సబ్ సెంటర్‌కు బుధవారం సంచిలోనే మార్చాలి. దీనికి పై అధికారి సంతకం కోసం ఆగనవసరం లేదని వైద్యాధికారులు లిఖితపూర్వకంగా తెలియజేస్తామన్నారు.

6. ఈజీ పిల్ ప్రతి ఆశా కార్యకర్త కిట్‌లో అన్ని వేళలా కనీసం రెండు ఉండాలి. ఆశా ద్వారా గర్భనిరోధక సాధనాలు ఇంటి గడప దాకా అందించే పథకాన్ని కేంద్రం 2011లో 233 జిల్లాల్లో మొదలుపెట్టి, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. మూడు నిరోధ్‌ల ప్యాకెట్టుకు రూపాయి, మాలా-ఎన్ షీటుకు రూపాయి, ఈజీ పిల్‌కు రెండు రూపాయలు ఆశా తీసుకోవచ్చని అప్పట్లో నిర్ణయించారు. రూపాయి చిల్లర దొరక్క చాలామంది ఉచితంగానే ఇచ్చేస్తున్నామని ఆశాలు చెప్పారు. దానిపై ఎవరినీ లెక్క అడగవద్దని సభ సూచిస్తోంది. కిట్ నిండుగా ఉండటం మాత్రం సబ్ సెంటర్ నిల్వలో భాగంగానే చూడాలి. కొన్ని చోట్ల సబ్ సెంటర్ దాకా వచ్చిన సరుకును "ఆశాకు ఇచ్చాం" అని రాసి ముగిస్తున్నారు. ఆశా దగ్గర ఉందా, ఎవరికైనా అందిందా అని చూసే నాథుడు లేడు.

7. నిరోధ్ కోసం మగవాళ్లు ఏఎన్‌ఎం ముందు నిలబడి అడగరన్నది అందరికీ తెలిసిందే. సబ్ సెంటర్ బయటి వరండాలో, పీహెచ్‌సీలో ఓపీ చీటీ ఇచ్చే చోట, ఎవరినీ అడగకుండా తీసుకునేలా నిరోధ్ పెట్టెలు ఉంచాలి. పెట్టె ఖాళీ అయినప్పుడు నింపే బాధ్యతను బుధవారం సంచి తెచ్చే వ్యక్తికే అప్పగించాలి. తీసుకునేవారికి పెళ్లయిందా లేదా అని ఎవరూ విచారించరాదు.

8. కుటుంబ నియంత్రణ సాధనాల సరఫరా కోసం కేంద్రం 2017లో తెచ్చిన ఎఫ్‌పీ-ఎల్‌ఎంఐఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పీహెచ్‌సీ, సబ్ సెంటర్ నిల్వలు నమోదు చేయాల్సి ఉంది. సిగ్నల్ లేని గ్రామాల నుంచి వచ్చే ఏఎన్‌ఎంలు సమీక్ష రోజున నెల మొత్తం లెక్కను గుర్తున్నంత మేరకు ఒకేసారి ఎక్కిస్తున్నారు. ఇకపై బుధవారం సంచి వెంట వెళ్లే చీటీ మీద రాసిన నిల్వనే అదే రోజు పీహెచ్‌సీలో డేటా ఎంట్రీ సిబ్బంది నమోదు చేయాలి. 3వ అంశంలోని గీతల పుస్తకం తప్ప ఏఎన్‌ఎంల మీద ఇంకో యాప్, ఇంకో రిజిస్టర్ మోపరాదు. సభలో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు ఈ వాక్యానికే పడ్డాయి.

9. సంచి మోసేవారికి టీకాల ట్రిప్పుకు ఇచ్చే మొత్తం మీద అదనంగా ట్రిప్పుకు 30 రూపాయల చొప్పున పీహెచ్‌సీ ఆస్పత్రి అభివృద్ధి సంఘం నిధి నుంచి చెల్లించే ప్రతిపాదనను ఆ సంఘం ముందుంచాలని వైద్యాధికారులను కోరడమైనది. ఆ నిధి చాలకపోతే మండల పరిషత్ భరిస్తుంది.

10. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారిని ఈ సభ కోరేది మూడు విషయాలు. జిల్లా గిడ్డంగిలో ఏ సాధనం ఎంత ఉందో ప్రతి నెలా పీహెచ్‌సీలకు తెలియజేయాలి, ఎందుకంటే లేని దాన్ని అడిగి వేచి ఉండటం కంటే లేదని ముందే తెలిస్తే పక్క మండలం నుంచి సర్దుకోవచ్చు. గిడ్డంగిలో కొరత ఉన్నప్పుడు అన్ని పీహెచ్‌సీలకూ సమానంగా కోత పెట్టకుండా, అంతర వాడుతున్నవారి తేదీలు దగ్గర పడ్డ చోటికి ముందు పంపాలి. కాపర్-టి వేసే శిక్షణ పొందిన ఏఎన్‌ఎంలను బదిలీ చేసేటప్పుడు వారి స్థానంలో శిక్షణ లేనివారిని వేస్తే, వెంటనే శిక్షణకు పంపాలి.

రాష్ట్ర ప్రభుత్వానికి విన్నపం ఒక్కటే. తమిళనాడులో వైద్య సేవల సంస్థ 1990ల నుంచి ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, తనకు ఎంత హక్కుందో, ఎంత తీసుకుందో, ఎంత మిగిలిందో దాని చేతిలోనే పెట్టింది. తాత్కాలిక సాధనాలకు సంబంధించి అలాంటి పాస్‌బుక్ సబ్ సెంటర్ స్థాయిలో ఇవ్వాలి. జనాభా ఎంతైనా ఉండనీ, ఏ విధానం ప్రకటించనీ, ఈ సాధనాల సరఫరాకు కోత పడకూడదు.

అసమ్మతి నమోదు

7వ అంశంలోని చివరి వాక్యంపై ఇద్దరు సర్పంచులు అసమ్మతి తెలిపారు. పెళ్లికాని కుర్రాళ్లకు ఇలా అందుబాటులో ఉంచితే ఊళ్లో తప్పుడు సంకేతం వెళ్తుందని వారి అభిప్రాయం. ఎయిడ్స్ నివారణ కార్యక్రమం కింద కూడా నిరోధ్ ఎవరికైనా ఇవ్వవచ్చని వైద్యాధికారి చెప్పారు. ఊరి కుర్రాళ్ల గురించి సర్పంచులకు తెలిసినంతే ఆశాలకూ తెలుసని ఒక ఎంపీటీసీ సభ్యురాలు అన్నారు. చర్చ చాలాసేపు సాగింది. ఆ ఇద్దరి అసమ్మతిని నమోదు చేస్తూ, అంశాన్ని యథాతథంగా ఉంచడమైనది. మిగతా అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

సమీక్ష

ఈ తీర్మానం అమలును వచ్చే సర్వసభ్య సమావేశంలో వైద్య శాఖ అంశం కింద కాక మొదటి అంశంగా చేపట్టాలి. నివేదికలో మొత్తం పంపిణీ అంకె కాకుండా, ప్రతి సబ్ సెంటర్‌కూ విడిగా ఏ సాధనం ఎన్ని రోజులు లేకుండా ఉంది, గీతల పుస్తకంలో ఎన్ని గీతలు పడ్డాయి, ఎంత సరుకు గడువు తీరి పారేయాల్సి వచ్చింది అన్న మూడు లెక్కలూ ఉండాలి. ఉపసంఘం కొనసాగుతుంది. ముందస్తు సమాచారం లేకుండా ఏ సబ్ సెంటర్ బీరువానైనా తెరిపించి చూసే అధికారం దానికి ఉంటుంది, అయితే వాడుతున్నవారి పేర్లున్న రిజిస్టర్లను ముట్టుకోరాదు.

ప్రతిపాదించినవారు: గత సమావేశంలో ఈ విషయం లేవనెత్తిన ఎంపీటీసీ సభ్యురాలు.
బలపరచినవారు: ఉపసంఘం కన్వీనర్.

ప్రతులు: జిల్లా కలెక్టర్, జిల్లా పరిషత్ ముఖ్య కార్యనిర్వహణాధికారి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, మండలంలోని పీహెచ్‌సీల వైద్యాధికారులు, అన్ని గ్రామ పంచాయతీలు, గ్రామ సచివాలయాలు. సబ్ సెంటర్లకు పంపే ప్రతిలో 2, 3, 5 అంశాలను పెద్ద అక్షరాల్లో విడిగా ముద్రించి, బీరువా తలుపు లోపలి వైపు అతికించాలి.